పద్నాలుగో శిబిరం క్షేమం

మొదటి రోజు

పీఠభూమి కేంద్రం నుంచి కబురు వచ్చింది. ఆచూకీ సైటును ముప్పయ్యో రోజు మధ్యాహ్నం పన్నెండుకి ఆపేస్తారట. ఆ సర్వరుకు ఇక కరెంటు ఇవ్వలేమని, కావలసినవాళ్లు ఈలోగా పేర్లు రాసుకోవచ్చని చెప్పారు. రెండే వాక్యాలు.

రాసుకోవలసినవి అరవై ఒక్క వేల పేర్లు. పదిహేనేళ్ల కిందట ఉప్పెన డెల్టాను తీసుకుపోయినప్పుడు, ప్రాణాలతో శిబిరాలకు చేరిన ప్రతి మనిషికీ ఆ సైటులో ఒక పేజీ తెరిచారు. పేరు, ఫోటో, ఊరు, శిబిరం నంబరు. వాటి కింద ‘క్షేమం’ అని ఒక బటన్. శిబిరంలో ఉన్నవాళ్లు దాన్ని నొక్కి, తమవాళ్ల కోసం ఒక మాట రాయవచ్చు. చూసినవాళ్లు దాని కింద జవాబు పెట్టవచ్చు. తర్వాత లింకులన్నీ తెగిపోయాయి. కొండ మీద ఈ ఎగువపేటలో మాకు మళ్లీ లింకు దొరికింది మొన్న మాఘంలోనే. అదీ సోలార్ పలకల మీద ఎండ నిలిచే పది నుంచి మూడు దాకా.

పట్టీ మొత్తాన్ని ఒకేసారి దించుకునే దారి ఆ సైటులో లేదు. పేరుతో వెతకడమూ కుదరదు. పెట్టెలో నంబరు వేయాలి, ‘వెతుకు’ నొక్కాలి, పేజీ వచ్చేదాకా ఆగాలి, అందులో ఉన్నది రాసుకోవాలి, మళ్లీ వెనక్కి పోవాలి. చేత్తో అయితే రోజుకు మూడు వందలు కూడా కష్టం. అందుకని పైథాన్‌లో ఒక స్క్రిప్టు రాశాను. అది బ్రౌజరును తెరిచి, నేను చేసే పనే నా బదులు చేస్తుంది.

రికార్డు గదికి పెద్ద అయిన అబ్బులు గారు వచ్చి నా వెనక నిలబడ్డారు. ఎవరూ ముట్టుకోకుండానే పెట్టెలో అంకెలు పడటం, బటన్ దానంతటదే లోపలికి పోవడం కాసేపు చూశారు.

“ఎవరో కూచుని కొడతన్నట్టే ఉందమ్మా లోవా,” అన్నారు. “కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. అదేం బాగోలేదు. నువ్వు కూచో.”

“పలకలు తుడవాలండి.”

“తర్వాత తుడుద్దువుగాని. ముందు కూచో.”

కూర్చున్నాను. ఏ రోజుది ఆ రోజు ఈ పుస్తకంలో రాయమన్నది కూడా ఆయనే. నా పూర్తి పేరు లోవకుమారి. వయసు నలభై ఆరు.

రెండో రోజు

గంటసేపు పని ఆగిపోయింది. ‘మీరు చాలా వేగంగా అడుగుతున్నారు’ అని సైటు తలుపు మూసేసింది. పేజీకీ పేజీకీ మధ్య రెండు సెకన్లు ఆగమని స్క్రిప్టుకు చెప్పాను. మూసింది. మూడు పెట్టాను. మళ్లీ మూసింది. నాలుగు పెడితే ఊరుకుంది. మా లింకులో పేజీ రావడానికి ఇంకో నాలుగు పడుతుంది కాబట్టి మొత్తం ఎనిమిది సెకన్లకు ఒక మనిషి. లెక్క వేసుకుంటే ఇరవై ఎనిమిదో రోజుకు అయిపోవాలి, మబ్బు పట్టకపోతే.

ఐదో రోజు

పొద్దున్నే పలకలు తుడిచాను. సముద్రం ఇప్పుడు కొండ మొదట్లోనే ఉంది కదా, గాలితో వచ్చిన ఉప్పు వాటి మీద పొరలా పేరుకుంటుంది. తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ.

రత్నమక్క గంజి తెచ్చింది. పూర్తి పేరు మేరీ రత్నం, మా ఉమ్మడి వంటశాల నడిపేది ఆవిడే. ఉప్పెన నాడు భర్త ఏసుపాదాన్ని, తొమ్మిదేళ్ల కూతురు కెజియాను ఒక బల్లకట్టు మీదికి, ఆవిడను ఇంకోదాని మీదికి ఎక్కించారు. అంతే. వాళ్లది ఏ శిబిరమో కూడా తెలియదు. లింకు వచ్చిన దగ్గర్నుంచీ రోజూ వచ్చి, గిన్నె నా పక్కన పెట్టి, తెర వైపు చూస్తూ నిలబడుతుంది.

“ఎంతదాకా వచ్చింది?”

“ఏడో శిబిరం, అక్కా.”

“అందరూ ఆ రంగేనా?”

అందరూ ఆ రంగే. ఐదు రోజులపాటు క్షేమం నొక్కకపోతే, సరిగ్గా అదే సమయానికి పేజీ ఆకుపచ్చ నుంచి బూడిద రంగుకు తిరిగి, ఆ మనిషి ‘ఆచూకీ లేనివారు’ పట్టీలోకి పోతారు. ఇప్పటిదాకా తెరిచిన పేజీలన్నీ పదిహేనేళ్ల కిందటే బూడిదయ్యాయి.

ఎనిమిదో రోజు

పన్నెండున్నరకు పద్నాలుగో శిబిరం మొదలైంది. మొదటి పేజీ ఆకుపచ్చగా వచ్చింది. రెండోదీ అంతే. మూడోదీ.

చివరిసారి క్షేమం నొక్కిన తేదీ అన్న చోట ఇవాళ్టి తేదీ ఉంది.

నా స్క్రిప్టే తప్పు చేస్తోందనుకున్నాను. పేజీ నెత్తిన ఇవాళ్టి తేదీ ఎలాగూ ఉంటుంది, పొరపాటున దాన్ని తీస్తోందేమోనని. స్క్రిప్టు ఆపి చేత్తో తెరిచాను. తప్పు కాదు. 14-0001, ఉదయం 10:40:00. 14-0002, ఉదయం 10:40:04. 14-0003, ఉదయం 10:40:08.

పద్నాలుగో శిబిరాన్ని లంకల్లో ఒక తుఫాను షెల్టరు చుట్టూ వేశారు. ఆ ఏడే రెండో ఉప్పెన దాని మీదుగా పోయింది. అక్కడ ఇప్పుడు ఊరు లేదు, దారి లేదు, కాలు పెట్టే నేల లేదు. చేపల పడవలు కూడా ఆ వైపు పోవు.

అబ్బులు గారిని పిలిచి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

“ఎవరికీ చెప్పకు,” అన్నారు.

తొమ్మిదో రోజు

పద్నాలుగో శిబిరం మొత్తం అయింది. వెయ్యిన్నీ నూట ముప్పై ఏడు మంది. అందరూ క్షేమం.

ఒక్కొక్కరి మాటా చదివాను. ‘నీళ్లు తగ్గాయి. కంగారు పడకండి.’ ‘రేపు పడవ వస్తుందంటున్నారు.’ ‘నాన్నకు జ్వరం తగ్గింది, గంజి తాగాడు.’ ‘మా మేక కూడా బతికింది.’ ఒక్కొక్క మాట కింద నిన్నటి మాట ఉంది. నిన్నటిదీ అదే. మొన్నటిదీ అదే. ఒక పేజీ తీసుకుని కిందికి జరుపుతూ పోయాను. వేలు నొప్పి పుట్టేదాకా జరిపాను. రేపు పడవ వస్తుందంటున్నారు. రేపు పడవ వస్తుందంటున్నారు. పదిహేనేళ్లుగా రోజూ ఉదయం, రేపు పడవ వస్తుందంటున్నారు.

రత్నమక్క ఎప్పుడు వచ్చిందో చూసుకోలేదు. స్క్రిప్టు దించిన ఫోటోలు పక్క తెర మీద వరుసగా నిలిచి ఉన్నాయి. గిన్నె నేల మీద పడిన చప్పుడుకు తల తిప్పాను.

“అదిగోనే... మా కెజియా!” అంది. “పక్కనే వాళ్ల నాన్న. పచ్చగా ఉందేంటే? ఆ రంగంటే బతికున్నట్టే కదా? చెప్పవే లోవా, బతికున్నట్టే కదా?”

14-0218 ఏసుపాదం. 14-0219 కెజియా. ‘కాలు నయమైంది. అమ్మకి చెప్పండి.’

నేను నోరు తెరిచేలోపే ఆవిడ గంజి చేతులతోనే బయటికి పరిగెత్తింది.

పదో రోజు

రికార్డు గది ముందు జనం. పద్నాలుగో శిబిరం అచ్చు పట్టీని గోడకు అంటించక తప్పలేదు. అరవై కుటుంబాలదాకా తమవాళ్లను గుర్తుపట్టాయి. పడవ ఎప్పుడు తీస్తారని అబ్బులు గారి మీదికి వచ్చారు.

నేను లోపల సమయాలు చూస్తూ కూర్చున్నాను. 10:40:00 నుంచి 11:55:40 దాకా, నంబరు వరుసలో, మధ్యలో సరిగ్గా నాలుగు సెకన్లు. ఒక్క సెకను అటూ ఇటూ కాలేదు. మూడు పెడితే తలుపు మూస్తుందని, నాలుగు పెడితే ఊరుకుంటుందని తెలిసినవాళ్లు ఎవరో రాసిన స్క్రిప్టు ఇది. పని పూర్తయ్యేదాకా ఆగకుండా, నాలాగే, కుర్చీలో కూర్చోకుండా.

సాయంత్రం ఆ మాట రత్నమక్కకు చెప్పాను.

“అయితే ఏంటి?” అంది. “నువ్వు పెట్టుకోలేదా మిషన్ని? నువ్వు చచ్చిపోయావా?”

వెళ్లి మళ్లీ తెర ముందు కూర్చున్నాను.

పదకొండో రోజు

వరుసలో ఒక్క నంబరు లేదు. 14-0733. అవతలివాళ్ల స్క్రిప్టు దాన్ని దాటి పోతోంది. ఆ పేజీలో క్షేమం పడిన సమయాలు వేరు. నిన్న 11:57:12. మొన్న 11:58:40. అంతకుముందు రోజు రెండుసార్లు నొక్కారు, మొదటిది సరిగా పడనట్టు. మనిషి చెయ్యి.

పేరు షేక్ నాగూర్ మీరా. పద్నాలుగో శిబిరం కంప్యూటర్ ఆపరేటరు. ఫోటోలో నలభై ఏళ్లుంటాయి, జేబులో రెండు పెన్నులు. ఆయన మాటలు మాత్రం మారుతున్నాయి. ‘రెండు పలకలు తుడిచాను.’ ‘గాలి తూర్పు.’ ‘పాత పలక ఇంకొకటి పోయింది.’ ఎనిమిదో రోజు దాకా అలాంటివే.

తొమ్మిదో రోజుది ఇది: ‘పేజీలను ఏదో చూస్తోంది. చూసినవారి సంఖ్య ఒక్కొక్క పేజీకి ఒకటి పెరుగుతోంది. వరుసగా, ఎనిమిది సెకన్లకొకసారి. మనిషి కాదు.’

నా గురించే.

కింద జవాబు పెట్టాను. ‘నేను మనిషినే. ఎగువపేట నుంచి రాస్తున్నాను. అక్కడ ఎంతమంది ఉన్నారు?’

పన్నెండో రోజు

ఆయన జవాబు: ‘మనిషివైతే వరుస తప్పు.’

స్క్రిప్టు ఆపేశాను. గంటసేపు చేత్తోనే పేజీలు తెరిచాను. 0733 తర్వాత 0012, తర్వాత 1090, మళ్లీ 0012. కొన్నింటి దగ్గర నిమిషం ఆగాను, కొన్నింటిని చూడకుండానే మూశాను.

పదమూడో రోజు

‘వరుస తప్పడం కూడా రాయొచ్చు. నేను రాశాను. నీలాంటివి ఇంతకుముందు మూడు వచ్చాయి. మూడూ మనుషుల్లాగే మాట్లాడాయి. ఎంతమంది ఉన్నారనే అడిగాయి. మూడింటిలోనూ మనిషి లేడు.’

అబ్బులు గారు రెండుసార్లు చదివారు.

“ఇంతకీ ఇది రాత్తన్నవాడు మనిషని నువ్వెలా చెప్పగలవమ్మా?” అన్నారు చివరికి.

నా దగ్గర రుజువేదీ లేదు. రెండుసార్లు నొక్కిన ఒక బటన్ తప్ప.

పద్నాలుగో రోజు

రత్నమక్క వచ్చి కుర్చీలోంచి నన్ను లేపేసింది.

“జరుగు. నేను రాత్తాను.”

ఆవిడ ఎప్పుడూ కీబోర్డు ముట్టుకోలేదు. ఒక్క వేలితో అక్షరం వెతుక్కుంటూ అరగంట కొట్టింది. సగంలో పంపేసింది. మిగతాది మళ్లీ మొదటి నుంచి రాసింది. దిద్దుతానంటే నా చెయ్యి తోసేసింది. అక్కడ పడినది ఇది:

‘నామొగుడు ఏసుపదం నాబిడ కెజి’

‘నామొగుడు ఏసుపాదం నాబిడ్డ కెజియ ఎకడ. రోజు ఒకటేమాట ఎందుకు రాస్తనావు. కాలు నయమయిన పిల్ల పదిహేనేళ్లలో ఇంకో ముకక చెప్పదా. నువు ఎవడివిరా మావాళ్ల పేరున మాటాడానికి’

రాసి, చీర చెంగుతో ముఖం తుడుచుకుని, అన్నం దించాలని వెళ్లిపోయింది. మిషన్ గురించి నాతో వాదించిన రోజే ఆవిడకు అంతా తెలుసని నాకు అప్పుడు అర్థమైంది.

పదిహేనో రోజు

14-0733 పేజీలో ఇవాళ పొడవైన మాట ఉంది. మొత్తం ఎత్తి రాస్తున్నాను.

‘అమ్మా, మీరు మనిషి. పదిహేనేళ్లలో నన్ను తిట్టింది మీరొక్కరే.

ఐదు రోజులు క్షేమం నొక్కకపోతే పేరు కొట్టేసి ఆ మనిషికి బియ్యం ఆపేసేవాళ్లు. జనం బురదలో పనుల్లో ఉండేవాళ్లు, రోజూ వచ్చి నొక్కలేకపోయేవాళ్లు. అందుకని వాళ్లందరి బదులూ నొక్కే స్క్రిప్టు నేను రాశాను. వాళ్ల మాటలు వాళ్లు చెప్పినవే. అక్టోబరులో రెండో ఉప్పెన వచ్చింది. షెల్టరు పైఅంతస్తులో ఇరవై ముగ్గురం మిగిలాం. స్క్రిప్టు ఆపలేదు. ఆపితే బియ్యం రాదు. ఏడాదిపాటు డ్రోన్లు వెయ్యి మందికి బియ్యం వేశాయి. తర్వాత అవీ రాలేదు. కొందరు తెప్ప కట్టుకుని పోయారు. మిగతావాళ్లు జ్వరాలతో పోయారు. ఇప్పుడు నేనొక్కడినే. వాన నీళ్లు, చేపలు, పైకప్పు మీద ఆకుకూరలు. పలకలు, లింకు యాంటెన్నా కూడా ఆ పైకప్పు మీదే ఉండి మిగిలాయి.

ఏసుపాదం గారు మూడు రోజులు బతికారు. పాప ఆ రోజే. ఎక్కడ పెట్టానో నాకు తెలుసు. అందరివీ తెలుసు. పుస్తకంలో రాసి ఉంచాను. నన్ను క్షమించమని అడగను.’

రత్నమక్క కోసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆవిడ నిలబడే ఉంది. రెండోసారి మధ్యలో నేల మీద కూచుంది. ఏడవలేదు.

“ఆ రోజే అన్నాడా?” అని అడిగింది. “మూడు రోజులు కాదు కదా? పాప ఆ రోజే కదా?”

“ఆ రోజే, అక్కా.”

“పోన్లే,” అంది.

పదహారో రోజు

సమావేశం. నేను నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గోడ మీద పట్టీ ముందు నిన్నటిదాకా దీపాలు పెట్టినవాళ్లు నన్ను చూసిన చూపు రాయలేను. ఒకాయన లేచి, ఆ పాపిష్టివాడు అక్కడే చావనీ అన్నాడు. చాలామంది తలలూపారు.

ఇంజను పడవ నడిపేది సింహాచలం. కొండవాడే, ఉత్తరం వైపు మనిషి.

“ఎల్లమంటే ఎల్తాను,” అన్నాడు. “ఆ పక్క కెరటం మంచిది కాదు, ఐదు రోజులు పడతాది. కానైతే ఆడు మనిసో, దెయ్యమో, మిసనో ముందు మీరు తేల్చండి. లేనోడి కోసం నానెల్లను.”

“ఒక్కడి కోసం వర్షాకాలానికి దాచిన డీజిలంతా పోసేయాలా?” అన్నారు అబ్బులు గారు. వ్యతిరేకంగా అనలేదు, అడిగారు.

రత్నమక్క వెనక నుంచి ముందుకు వచ్చింది.

“మా పిల్లని ఎక్కడ పెట్టారో చూపించగలిగినోడు ఆ ఒక్కడే కదండీ,” అంది. “మీలో కూడా అరవై ఇళ్లోళ్లకి అంతే కదా. తిట్టాలన్నా ఆడు ఎదురుగా ఉండాలి. నేనూ ఎల్తాను పడవలో.”

సింహాచలం ఇంజను చూడటానికి లేచాడు.

పంతొమ్మిదో రోజు

ఇంజను బాగుచేయడం అయింది, రేపు బయలుదేరతారు. నాగూర్ మీరా గారికి చెప్పాను. సర్వరు ఆగిపోయే తేదీ కూడా చెప్పాను. పడవ ఎక్కేటప్పుడు స్క్రిప్టు ఆపుతారా అని అడిగాను.

‘ఆపితే ఐదో రోజుకు వాళ్లు పోతారు. నా చేత్తో.’

‘వాళ్లు పోయారండి.’

‘తెలుసు. పుస్తకం రాసింది నేనే. ఉదయం పది నలభైకి మిషన్ మొదలవుతుంది. నేను పక్కన కూర్చుంటాను. పేర్లు పోతుంటాయి. వెయ్యి మంది ఉన్న చోట కూర్చున్నట్టే ఉంటుంది. అది అయిపోయాక నాది నేను చేత్తో నొక్కుకుంటాను. నాది మిషన్‌కు ఇస్తే ఇక నేనున్నానో లేదో నాకు తెలియదు.’

కాసేపటికి ఇంకో వాక్యం వచ్చింది. ‘పడవలో వచ్చేవాళ్లు నిజంగా వస్తారా?’

ఇరవై ఐదో రోజు

ఉదయం నుంచి తెర ముందే ఉన్నాను. పది నలభైకి ఆకుపచ్చ పేజీల తేదీలు ఒక్కొక్కటిగా మారాయి. 11:55:40కి చివరిది. 11:57:30కి ఆయన నొక్కారు.

‘పడవ మసకగా కనిపిస్తోంది. నలుగురు. ఒకావిడ నిలబడే ఉంది.’

కింద జవాబుల్లో ఆయనవే వరుసగా పడ్డాయి.

‘చెయ్యి ఊపుతున్నారు. నాకేనా?’

‘దాక్కోవాలనిపిస్తోంది.’

‘దాక్కోకండి,’ అని రాశాను.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒకటి.

‘మిషన్ ఆపేస్తున్నాను. పదిహేనేళ్లలో దీన్ని ఆపడం ఇదే మొదటిసారి. ఇంత చప్పుడు చేసేదని నాకు తెలియదు.’

అంతే. మర్నాడు పది నలభైకి ఏ తేదీ మారలేదు. నేను మాత్రం అలవాటుగా అదే సమయానికి వెళ్లి కూర్చున్నాను.

ఇరవై ఎనిమిదో రోజు

మిగతా శిబిరాలన్నీ అయిపోయాయి. అరవై ఒక్క వేలు. స్క్రిప్టు ఆపి బ్రౌజరు మూశాను. పద్నాలుగో శిబిరం దగ్గర మాత్రం తేదీల గడి ఖాళీగా వదిలాను.

ఇరవై తొమ్మిదో రోజు

తిరుగుదారిలో గాలి కలిసొచ్చి సాయంత్రానికే పడవ వచ్చింది. సింహాచలం ఆయన్ని చెయ్యి పట్టుకుని దించాడు. ఫోటోలోని మనిషి ఈయనలో ఎక్కడో ఉన్నాడు. గడ్డం తెల్లబడింది, నీటి మీది ఎండకు కళ్లు మసకలు కమ్మాయి, ముఖం ఆనిస్తేగాని అక్షరం కనిపించదు. సంచిలో ఒక పుస్తకం తప్ప ఏమీ తెచ్చుకోలేదు.

“ప్రయాణం బాగా సాగిందాండీ?” అన్నాను.

ఆయన నా వైపు తిరిగి, పెదవులు కదపకుండా ఆగారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అప్పుడు, “బాగానే సాగిందమ్మా,” అన్నారు. ఏది అడిగినా అంతే. అంత ఆగి చెబుతున్నారు. అది ఆయనకు తెలిసినట్టు లేదు.

రత్నమక్కను వంటశాలలో కలిశాను.

“మేం మెట్లెక్కి వెళ్తే గోడ వైపు తిరిగి కూచున్నాడే,” అంది. “భుజం మీద చెయ్యేశాను. వొణికిపోయాడు. ఎన్నేళ్లయిందో మనిషి చెయ్యి తగిలి. తిడదామనే వెళ్లాను. నోరు రాలేదు. పోటు తీసి నీళ్లు తగ్గినప్పుడు మెట్ల కిందికి తీసుకెళ్లి చూపించాడు. రాళ్లు పెట్టి నంబర్లు చెక్కాడు. నీళ్లు మళ్లీ వచ్చేదాకా పాప దగ్గర కూచున్నాను.”

పొయ్యిలో కట్టె ముందుకు తోసి, “మా పాప రాయి మీద నాచు కూడా లేదు లోవా,” అంది. “తుడుత్తానే ఉన్నాడు.”

ముప్పయ్యో రోజు

పది గంటలకే జనం వచ్చారు. పిలవలేదు, వచ్చారు. నేను దించుకున్న పద్నాలుగో శిబిరం పట్టీని పెద్ద తెర మీద చూపిస్తూ, ఒక్కొక్కరి ఐదు రోజుల గడువు తీరగానే వరుస రంగు మార్చేలా ఒక చిన్న స్క్రిప్టు రాసి పెట్టాను. వెయ్యిన్నీ నూట ముప్పై ఏడు ఆకుపచ్చ వరుసలు. నాగూర్ మీరా గారు నా పక్కన కూర్చున్నారు. అంత దూరం నుంచి ఆయనకు తెర కనిపించదు. పుస్తకం ఒళ్లో తెరిచి ఉంది.

10:40:00. మొదటి వరుస బూడిద రంగుకు తిరిగింది. నాలుగు సెకన్ల తర్వాత రెండోది.

ఆయన పుస్తకం చూడకుండానే పేరు చెప్పారు. తర్వాతి పేరు. నాలుగు సెకన్లకు ఒక పేరు, తెరతో పాటు. ఎవరూ అడగలేదు. తమ మనిషి పేరు వచ్చినప్పుడు కుటుంబం లేచి నిలబడింది, వరుస తిరిగాక కూర్చుంది. గదిలో ఎక్కడో ఒకచోట ఎవరో లేస్తూనే ఉన్నారు. ఆ పాపిష్టివాడు చావనీ అన్నాయన మూడుసార్లు లేచాడు.

0218, 0219 వచ్చినప్పుడు రత్నమక్క రెండింటికీ కలిపి ఒక్కసారే నిలబడింది.

0871కి అబ్బులు గారు లేచారు. ఆయనకు అందులో ఎవరో ఉన్నారని మాకెవరికీ తెలియదు. “మా పెద్దక్క,” అన్నారు, ఎవరితోనో కాదు. కూర్చున్నారు.

11:55:40. చివరి వరుస తిరిగింది. నాగూర్ మీరా గారి గొంతు అప్పటికి పోయింది. తెర నిండా బూడిద. మధ్యలో ఒక్క ఆకుపచ్చ గీత, 14-0733.

“మీది ఉందండి,” అన్నాను. “11:57:30 లోపు నొక్కాలి.”

ఆయన ఆగారు. నేను లెక్కపెట్టలేదు.

“వద్దమ్మా,” అన్నారు. “వాళ్లందరూ వెళ్లారు. నేనొక్కడినే అలా కనిపించడం బాగోదు. ఐదు నిమిషాల్లో ఆ సైటే ఉండదు కదా.”

“బాగోకపోతే బాగోలేదు,” అంది రత్నమక్క వెనక నుంచి. “అరవై ఇళ్లకి తిరిగి ఎవరు ఎలా పోయారో చెప్పాలి మీరు. మా ఇంటికే ఇంకా చెప్పడం అవలేదు. మా వాళ్ల పేరున అన్నేళ్లు నొక్కారు కదా, మీ పేరున ఇంకొక్కసారి నొక్కలేరా?”

ఆయన చెయ్యి తీసుకుని, చూపుడు వేలు చాపి, తన చేతుల్లో పట్టుకుని మౌసు మీద పెట్టింది. నేను ఆయన పేజీ తెరిచి బాణాన్ని బటన్ మీదికి జరిపాను. ఇద్దరి వేళ్లూ కలిసి నొక్కాయి. అప్పుడు 11:57 దాటింది.

పేజీ తెల్లబడి చక్రం తిరగడం మొదలైంది. నాలుగు సెకన్లు. ఎనిమిది. 11:58. బయట మబ్బు లేదు, పలకలు బాగానే ఉన్నాయి. 11:59. చక్రం తిరుగుతూనే ఉంది. గదిలో అందరూ ఆయన ముఖం చూస్తున్నారు, తెర చూస్తున్నది నేనూ రత్నమక్కా మాత్రమే. పన్నెండు కొట్టగానే లింకు దీపం ఆరిపోయింది. చక్రం ఎక్కడున్నది అక్కడే నిలిచిపోయింది.

“పడిందా అమ్మా?” అన్నారు నాగూర్ మీరా గారు, తెర ఉన్న వైపుకు ముఖం తిప్పి.

“పడిందండి,” అన్నాను.

రత్నమక్క నా వైపు చూసింది. ఆయన భుజం మీద చెయ్యి వేసి, భోజనానికి లేవమంది.

పడలేదు.